అమెరికా పండుగ వంటలకు అసలు హక్కుదారులు ఎవరో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా నవంబరు చివరి వారం వచ్చేసరికి తెలుగు పత్రికల ప్రవాస పేజీల్లో అమెరికా వారి థాంక్స్‌గివింగ్ పండుగ గురించి ఒక వ్యాసం తప్పకుండా కనిపిస్తుంది. పళ్లెం నిండా కాల్చిన టర్కీ కోడి బొమ్మ, ఇంగ్లండు నుంచి వచ్చిన వలసదారులూ స్థానిక తెగలవారూ కలిసిమెలిసి విందు ఆరగించారన్న నాలుగు వాక్యాల కథ, మరునాటి శుక్రవారం దుకాణాల్లో దొరికే తగ్గింపు ధరల వివరాలు, ఇంతటితో ఆ వ్యాసం ముగుస్తుంది. జూలై 4న హాట్ డాగ్, క్రిస్మస్‌కు కేకు, అక్టోబరు నెలాఖరున హాలోవీన్ మిఠాయిలు కూడా ఇదే పద్ధతిలో వచ్చి వెళ్లిపోతుంటాయి. టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో చాలా ఏళ్లుగా ఉంటూ, రోజూ మీ పత్రిక చదివే పాఠకురాలిగా నాది ఒకటే మనవి. ఆ పండుగల నాడు విస్తట్లోకి వచ్చే పదార్థాలను మొదట పండించినవారు ఎవరు, వండినవారు ఎవరు, అవి ఏ కాలంలో ఎవరి పూనికతో 'సంప్రదాయం' అనిపించుకున్నాయి అన్నది కూడా దయచేసి రాయండి. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకూ, ఆ పిల్లల కబుర్లు వింటూ ఇక్కడి పండుగలను అర్థం చేసుకోవాలనుకునే తెలుగునాట తాతయ్యలకూ అమ్మమ్మలకూ అది చాలా అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదట ఆ 1621 నాటి విందు సంగతే చూద్దాం. అందులో స్వయంగా పాల్గొన్న ఎడ్వర్డ్ విన్‌స్లో అనే వలసదారు అదే ఏడాది డిసెంబరులో రాసిన ఉత్తరంలో దాని గురించి ఉన్నది కొద్ది వాక్యాలే. పంట ఇంటికి వచ్చాక గవర్నరు నలుగురిని పక్షుల వేటకు పంపాడని, ఆ ప్రాంతపు ఆదివాసులైన వాంపనోగ్ ప్రజల నాయకుడు మాసాసోయిట్ దాదాపు తొంభై మందితో వచ్చాడని, మూడు రోజుల పాటు విందు సాగిందని, వచ్చినవారు అయిదు జింకలను వేటాడి తెచ్చారని అందులో ఉంది. వేటాడిన పక్షులు ఏవో విన్‌స్లో చెప్పలేదు. ఆ ఆకురాలు కాలంలో అడవి టర్కీలు పుష్కలంగా దొరికాయని గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ తరువాత రాసుకున్న చరిత్రలో ఉంది కాబట్టి ఒకటో రెండో విందుకు వచ్చి ఉండవచ్చు. బాతులు, పెద్ద బాతులు అంతకంటే ఎక్కువే ఉండి ఉండవచ్చు. ఇప్పుడు పండుగ బల్ల మీద తప్పనిసరి అనుకునే ఉడికించి మెదిపిన బంగాళాదుంప ఆనాడు లేదు, ఎందుకంటే ఆ దుంప ఆ వలస గ్రామానికి అప్పటికి ఇంకా చేరనే లేదు. క్రాన్‌బెర్రీ పండ్లు చుట్టుపక్కల చిత్తడి నేలల్లో కాసేవి గానీ వాటిని పాకంలో ఉడికించి పచ్చడి చేసేంత పంచదార ఎవరి దగ్గరా లేదు. గోధుమ పిండీ వెన్నా లేని ఊళ్లో, గుమ్మడి గుజ్జును పిండి పొరలో పెట్టి కాల్చే గుమ్మడికాయ 'పై' అనే వంటకం తయారయ్యే అవకాశమూ లేదు.

ఆ విందులో తప్పక ఉన్నది మొక్కజొన్న. ఆ మొక్కజొన్న పండటానికి కారణమైన మనిషి కథను మన వ్యాసాలు దాదాపు ఎప్పుడూ చెప్పవు. మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో సగం మంది మొదటి చలికాలంలోనే చనిపోయారు. మిగిలినవారికి మొక్కజొన్న గింజ ఎలా నాటాలో, పాదులో చేపను ఎరువుగా ఎలా పెట్టాలో నేర్పినవాడు టిస్క్వాంటమ్ అనే పటుక్సెట్ గ్రామస్థుడు. 1614లో ఒక ఆంగ్లేయ ఓడ నాయకుడు అతన్ని మరికొందరితో కలిపి ఎత్తుకుపోయి స్పెయిన్‌లో బానిసగా అమ్మజూపాడు. అక్కడి నుంచి ఎలాగో ఇంగ్లండు చేరి, 1619లో సొంత తీరానికి తిరిగి వచ్చేసరికి, ఐరోపా వారి రాకపోకలతో వచ్చిన మహమ్మారికి అతని ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయి ఉంది. వలసదారులు కట్టుకున్న ప్లిమత్ ఆ ఖాళీ అయిన పటుక్సెట్ నేల మీదనే వెలిసింది. తన వాళ్లందరినీ పోగొట్టుకున్న మనిషి, వాళ్లు సాగు చేసిన నేలలోనే కొత్తవారికి సేద్యం నేర్పాడన్న సంగతి తెలిశాక ఆ విందును నాలుగు వాక్యాల్లో చెప్పి ఊరుకోవడం నాకు సాధ్యం కావడం లేదు.

ఆ స్నేహం ఎంతకాలం నిలిచిందో కూడా చెప్పాలి. మాసాసోయిట్ కుమారుడు మెటాకమ్ 1675లో ఆంగ్లేయుల మీద తిరగబడ్డాడు. మరుసటి ఏడాది అతన్ని చంపి, తలను ప్లిమత్‌లో గుంజకు ఎక్కించి చాలా ఏళ్లు అలాగే ఉంచారు. ఈ చరిత్ర కారణంగానే 1970 నుంచి నేటి వరకు ప్రతి థాంక్స్‌గివింగ్ నాడూ స్థానిక తెగలవారు ప్లిమత్‌లో సమావేశమై ఆ రోజును జాతీయ సంతాప దినంగా పాటిస్తున్నారు. వలసదారులు వచ్చి 350 ఏళ్లు అయిన సందర్భంలో మాట్లాడమని పిలిచి, ప్రసంగ పాఠం చూశాక దాన్ని చదవడానికి వీల్లేదన్నందున వాంసుట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ పెద్ద ఆ సంప్రదాయానికి నాంది పలికాడు. టర్కీ బొమ్మ పక్కన ఈ రెండు వాక్యాలకు చోటు దొరకదని నేను అనుకోను.

మరి 1621లో జరిగినది ఒక్కసారి జరిగిన పంట విందు అయితే, ఏటా నవంబరులో టర్కీ కోడి తినే పండుగ ఎక్కడి నుంచి వచ్చింది? ఇది పత్రికా సంపాదకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం, ఎందుకంటే ఆ పని చేసినది ఒక సంపాదకురాలు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పుట్టిన సారా జోసెఫా హేల్ 1827లో అచ్చయిన తన నవలలో అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండు ప్రాంతపు థాంక్స్‌గివింగ్ భోజనాన్ని ఒక అధ్యాయం నిండా వర్ణించింది. బల్లకు తలవైపున కాల్చిన టర్కీ, చివరన గుమ్మడికాయ 'పై' అందులోనే ఉన్నాయి. ఆ తరువాత దేశంలోకెల్లా ఎక్కువగా చదివే మహిళా పత్రికకు సంపాదకురాలై, దశాబ్దాల పాటు ఏటా సంపాదకీయాలు రాస్తూ, వంటల తయారీ విధానాలు అచ్చువేస్తూ, గవర్నర్లకూ వరుసగా దేశాధ్యక్షులకూ ఉత్తరాలు రాస్తూ వచ్చింది. చివరకు అంతర్యుద్ధం మధ్యలో, 1863 అక్టోబరు 3న అబ్రహాం లింకన్ నవంబరు ఆఖరి గురువారాన్ని దేశమంతటికీ కృతజ్ఞతా దినంగా ప్రకటించాడు. దక్షిణాది తెల్లవారిలో చాలామంది చాలాకాలం దాన్ని ఉత్తరాది వారి పండుగగానే చూశారు. ఇంటింటా టర్కీ స్థిరపడటానికి రైతు ఇంటి లెక్క కూడా ఒకటుంది. ఆవు పాలిస్తుంది, కోడి గుడ్లు పెడుతుంది, వాటిని కోసుకోవడం నష్టం. వసంతంలో పొదిగిన టర్కీ నవంబరుకు బాగా ఎదుగుతుంది, ఒక్క పక్షితో పెద్ద కుటుంబం కడుపు నిండుతుంది. మరొక విశేషమేమిటంటే, టర్కీని మొదట పెంపుడు పక్షిగా మార్చినవారు మెక్సికో ప్రాంతపు ఆదివాసులు. స్పెయిన్ వారు దాన్ని పదహారవ శతాబ్దం మొదట్లో ఐరోపాకు తీసుకువెళ్లగా, అక్కడ పెరిగిన జాతిని ఇంగ్లండు వలసదారులు మళ్లీ అమెరికాకు తెచ్చుకున్నారు.

ఆ భోజనంలోని మిగతా వంటలు కొన్ని మరీ ఇటీవలివి. డబ్బాలో నుంచి ముద్దగా జారిపడే క్రాన్‌బెర్రీ జెల్లీ 1912లో మార్కస్ యురాన్ అనే తోటల యజమాని, తాజాగా అమ్మడానికి పనికిరాని దెబ్బతిన్న పండ్లను ఉడికించి డబ్బాల్లో నింపడంతో మొదలైంది. చిలగడదుంప మీద మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయి పరిచి కాల్చడం 1917 ప్రాంతంలో ఒక మార్ష్‌మాలో కంపెనీ తన సరుకు అమ్ముకోవడానికి వేయించిన వంటల పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. బీన్స్‌ను పుట్టగొడుగుల సూప్‌తో కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లే వంటకాన్ని 1955లో న్యూ జెర్సీలోని క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటగదిలో డోర్కస్ రీలీ అనే ఉద్యోగిని తయారు చేసింది. పండుగ తేదీ సైతం వ్యాపారానికి దూరంగా ఉండలేదు: 1939లో క్రిస్మస్ అమ్మకాలకు మరో వారం కలిసి రావాలన్న వర్తకుల కోరిక మేరకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు జరిపితే కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు, చివరకు 1941లో నాలుగవ గురువారం అని చట్టం చేయవలసి వచ్చింది. కంపెనీలు చేసిన వంటలు కనుక అవి తినకూడదని నేను అనడం లేదు; మూడు తరాలుగా అమ్మలు వండి పెట్టినది ఆ ఇంటివారికి సంప్రదాయమే. కానీ క్రాన్‌బెర్రీ అనగానే డబ్బా బొమ్మ వేసే పత్రిక, మార్తాస్ విన్‌యార్డ్ దీవిలోని అక్వినా వాంపనోగ్ ప్రజలు నేటికీ అక్టోబరు రెండవ మంగళవారాన్ని క్రాన్‌బెర్రీ దినంగా జరుపుకొంటూ పిల్లలను బడి మానిపించి చిత్తడి నేలలకు పండ్లు కోయడానికి తీసుకువెళతారని కూడా రాస్తే ఎంత బాగుంటుంది!

ఇక జనవరి 1 సంగతి. ఈ పండుగ వంట గురించి మన పత్రికల్లో నేను ఒక్కసారి కూడా చదవలేదు, నిజానికి తెలుగువారికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం మొదటి రోజున తినవలసినవి బొబ్బర్లు. ముందు రాత్రి నానబెట్టిన బొబ్బర్లను పొగబెట్టిన పంది మాంసపు ముక్క, ఉల్లిపాయ, బిర్యానీ ఆకు వేసి మెత్తగా ఉడికించి, ఆ నీటిలోనే బియ్యం పోసి వండుతారు. గింజ చెదరకుండా, ఎసరంతా ఇగిరిపోయి, చూడటానికి మన పులగంలా పొడిపొడిగా వస్తుంది. దీని పేరు హాపిన్ జాన్. పక్కన కాలర్డ్ అనే ముదురాకు కూర, మొక్కజొన్న రొట్టె పెడతారు. బొబ్బర్లు నాణేలు, ఆకుకూర నోట్లు, రొట్టె బంగారం, మూడూ తింటే ఏడాదంతా ఇంట్లో లక్ష్మి ఉంటుందని వారి నమ్మకం. మా పక్కింటి పెద్దావిడ, వయసు ఎనభై దాటిన ఆఫ్రికన్ అమెరికన్ ఉపాధ్యాయురాలు, తన పొయ్యి దగ్గర నన్ను నిలబెట్టి ఈ వంట నేర్పినప్పుడు, మాంసానికి బదులు పొగబెట్టిన మిరపపొడి వేసి మా ఇంటి కోసం విడిగా ఒక చిన్న గిన్నె దించింది. బొబ్బర్లను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తూ, తొక్క పగలకుండా లోపల మాత్రం వెన్నలా నలగాలని చెప్పింది. మా అమ్మ బొబ్బర్ల కూరకు సరిగ్గా అలాగే చూసేది.

ఆ పోలిక కాకతాళీయం కాదు. బొబ్బర్లు పుట్టినది పశ్చిమ ఆఫ్రికాలో. వేల ఏళ్ల కిందటే అవి ఆఫ్రికా నుంచి మన దేశానికి చేరి మన పంటలైపోయాయి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో బానిసల ఓడల మీద అట్లాంటిక్ దాటి అమెరికా చేరాయి. నైజీరియా పరిసరాల్లో నానబెట్టిన బొబ్బర్ల పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయా మిరపకాయా కలిపి, బాగా గిలకొట్టి నూనెలో వేసే అకారా చూస్తే, బొబ్బర్ల గారెలు వండే ఏ తెలుగు ఇల్లాలైనా వెంటనే గుర్తుపడుతుంది. హాపిన్ జాన్‌లోని బియ్యం కథ కూడా ఆఫ్రికా కథే. దక్షిణ కరోలినా, జార్జియా తీరాల్లో వరి సాగు తెలిసినవారు కావాలని తోటల యజమానులు సెనెగల్, గాంబియా, సియెర్రా లియోన్ ప్రాంతాల నుంచి తెచ్చిన మనుషులను ప్రత్యేకంగా ఎంచి కొనేవారు. సముద్రపు పోటుకు ఎదురెక్కే మంచినీటిని తూముల ద్వారా మళ్లలోకి మళ్లించే కట్టలన్నీ ఆ చేతులు తవ్వినవే. దంచిన ధాన్యాన్ని చెరగడానికి వారు గడ్డితో అల్లిన వెడల్పాటి చేటల వంటి బుట్టలను వాడేవారు. వారి సంతతి అయిన గల్లా గీచీ ప్రజలు చార్లెస్టన్ పరిసరాల్లో ఆ అల్లికను ఇప్పటికీ వదలలేదు. చార్లెస్టన్ నగరాన్ని ధనవంతం చేసిన పంట ఆ వరి. అయినా 1847లో అక్కడ అచ్చయిన వంటల పుస్తకంలో హాపిన్ జాన్ తయారీ మొదటిసారి కనిపించినప్పుడు, దాన్ని రాసినది స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఒక పెద్దమనిషి కుమార్తె. ఆ వంటను పొయ్యి మీద రోజూ వండిన స్త్రీల పేరు ఒక్కటీ అందులో లేదు.

జనవరి 1కీ ఆ ప్రజలకూ ఉన్న సంబంధం అదృష్టం గురించిన నమ్మకంతో ముగియదు. బానిసత్వపు రోజుల్లో ఏడాది అప్పులు తీర్చుకోవడానికి యజమానులు మనుషులను అమ్మేదీ, ఏడాది ఒప్పందం మీద ఇతరులకు అద్దెకిచ్చేదీ ఆ రోజునే. తల్లి ఒకచోటికి, బిడ్డ మరొకచోటికి పోయే ఆ రోజును వారు గుండె పగిలే దినం అనేవారు. 1862 డిసెంబరు 31 రాత్రి నల్లవారి చర్చిల్లో జనం జాగారం చేస్తూ ఎదురుచూసినది మరునాడు, 1863 జనవరి 1న, లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటన అమలులోకి రావడం కోసం. ఆ జాగారం ఇప్పటికీ ఆ చర్చిల్లో ఏటా జరుగుతుంది. అది ముగించి ఇంటికి వచ్చినవారికి తెల్లవారాక పెట్టే భోజనమే ఆ బొబ్బర్లూ ఆకుకూరా. ఒకే తేదీ మీద అంత దుఃఖమూ అంత ఆశా పేరుకుని ఉండగా, దాన్ని కేకు కోసే రాత్రిగా మాత్రమే మన పిల్లలకు పరిచయం చేయడం తగదని నా అభిప్రాయం.

విముక్తి ప్రకటన అయితే వచ్చింది గానీ టెక్సస్‌లోని బానిసలకు అది అందడానికి మరో రెండున్నర ఏళ్లు పట్టింది. మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న గాల్వెస్టన్ రేవులో 1865 జూన్ 19న సైన్యాధికారి గోర్డన్ గ్రేంజర్ బానిసలందరూ స్వతంత్రులని ఉత్తర్వు వెలువరించాడు. ఆ మరుసటి ఏడాది నుంచే టెక్సస్ నల్లవారు ఆ రోజును పండుగగా చేసుకున్నారు. తమను ఊరి తోటల్లోకి రానివ్వకపోతే, హ్యూస్టన్‌లో వారు 1872లో చందాలు వేసుకుని పది ఎకరాల భూమి కొని ఎమాన్సిపేషన్ పార్క్ అని పేరు పెట్టుకున్నారు. జూన్‌టీన్త్ అని పిలిచే ఆ జూన్ 19వ తేదీ 2021లో దేశమంతటికీ సెలవు దినమైంది. ఆ రోజు బల్ల మీద ఎరుపు రంగు ఉండి తీరాలి: పుచ్చకాయ, ఎర్రని కేకు, కాల్చిన మాంసం, ఎర్రని సాసేజి, అన్నిటికంటే ముందు ఎర్రని పానీయం. చిందిన నెత్తురుకు అది గుర్తని చాలామంది చెబుతారు. ఇప్పుడు చాలా చోట్ల స్ట్రాబెర్రీ సోడా పోస్తున్నా, ఆ పానీయానికి మూలం పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటికీ తాగే బిస్సాప్ అని ఆహార చరిత్రకారులు భావిస్తున్నారు.

బిస్సాప్ చేసేది దేనితోనో తెలిస్తే తెలుగు పాఠకులకు ఆశ్చర్యంగా ఉంటుంది. అది మన ఎర్ర గోంగూర, తెలంగాణలో పుంటికూర అని పిలుచుకునే మొక్క. పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ మిగిలే దళసరి ఎర్రని రెక్కలను ఒలిచి ఎండబెడతారు. పిడికెడు రెక్కలను మరిగే నీళ్లలో వేసి మూత పెడితే పది నిమిషాల్లో నీళ్లు దానిమ్మ రసం రంగుకు తిరుగుతాయి. వడగట్టి, పంచదార వేసి, అల్లం ముక్క దంచి కలిపి చల్లబరుస్తారు. జమైకా వారు దాన్నే క్రిస్మస్‌కు తాగుతారు. హ్యూస్టన్ ఎండలకు తెలుగువారి పెరళ్లలో గోంగూర ఏపుగా పెరుగుతుంది, ఆకు కోసుకుని పచ్చడి చేసుకుంటాం, కాయ కట్టేసరికి పీకి పారేస్తాం. అవే కాయల కోసం మా కాలనీలోని సెనెగల్ కుటుంబం చలికాలం ముందు మా ఇంటికి వస్తుంది. జూన్ 19 సెలవు ఎందుకు ఇచ్చారని మన పిల్లలు అడిగినప్పుడు, పెరట్లోని ఆ మొక్కను చూపించి చెప్పగలిగిన తల్లిదండ్రులు ఎంతో అదృష్టవంతులు. ఆ అవకాశం మీ పత్రిక రాస్తేనే వారిలో ఎక్కువమందికి అందుతుంది.

నల్లవారి ఇళ్లలో థాంక్స్‌గివింగ్ నాడు గుమ్మడికాయ 'పై' కంటే చిలగడదుంప 'పై'కి గౌరవం ఎక్కువ. కాల్చిన మాకరోనీ చీజ్ లేకపోతే భోజనం పూర్తయినట్లు కాదు. ఆ వంటకాన్ని అమెరికా సంపన్నుల విందుల్లోకి తెచ్చినవాడిగా, తరువాత దేశాధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ పేరే ఎక్కువగా వినిపిస్తుంది. కానీ 1784లో జెఫర్సన్ వెంట పారిస్ వెళ్లి ఫ్రెంచి వంట నేర్చుకుని, తిరిగి వచ్చి ఆ వంటగది నడిపినవాడు అతని బానిస జేమ్స్ హెమింగ్స్. తన తమ్ముడు పీటర్‌కు ఆ విద్యంతా నేర్పాకనే, 1796లో, హెమింగ్స్‌కు స్వేచ్ఛ దొరికింది. వంట చేసిన చేతిని మరచి తిన్నవాడి పేరు నిలబెట్టడం ఆ రోజుల్లో జరిగింది. ఇప్పుడు మనం కూడా అదే పేరును తిరగరాయవలసిన అవసరం లేదు.

మిగిలిన పండుగల్లోనూ ఇలాంటి కథలే ఉన్నాయి. మార్చి 17న సెయింట్ ప్యాట్రిక్ రోజున ఉప్పులో ఊరబెట్టిన గొడ్డు మాంసం, క్యాబేజీ తినడం ఐర్లండులో ఉన్న అలవాటు కాదు. న్యూయార్క్‌లో దిగిన పేద ఐరిష్ వలసదారులు అక్కడి యూదుల దుకాణాల్లో దొరికిన చవక మాంసంతో మొదలుపెట్టినది. టెక్సస్‌లో క్రిస్మస్ అంటే తమాలే. డిసెంబరులో మెక్సికన్ కుటుంబాల స్త్రీలు మూడు తరాలవారు ఒక్కచోట కూర్చుని మొక్కజొన్న పొత్తుల మీది ఆకుల్లో పిండి పరిచి, లోపల కూర పెట్టి, డజన్ల కొద్దీ చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ పిండికి మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, పొట్టు వదిలేలా కడిగి రుబ్బాలి. ఆ సున్నం వల్లనే గింజలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుందన్న రహస్యం మెక్సికో ఆదివాసులకు అనుభవంతో తెలుసు. వారి గింజను తీసుకుని వారి పద్ధతిని వదిలేసిన ప్రాంతాల్లో, ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో అమెరికా దక్షిణాదిలో కూడా, ఆ విటమిన్ లోపం వల్ల వచ్చే పెలగ్రా వ్యాధితో వేలమంది చనిపోయారు. పంటతో పాటు దాన్ని పండించినవారి తెలివిని కూడా గౌరవించి నేర్చుకోవాలని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలియదు. మన సంక్రాంతి పులుసులోకి వచ్చే తియ్య గుమ్మడి, చిలగడదుంప, మనం నిత్యం వాడే మిరపకాయ, వేరుశనగ, ఇవన్నీ కూడా ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల ఆదివాసులు వేల ఏళ్లు ఎంచి పెంచిన పంటలే కనుక వారికి మనమూ రుణపడి ఉన్నాం.

ఈ వ్యాసాలతో పాటు, మన కుటుంబాలకు పనికివచ్చే మాటలు కొన్ని జోడించమని కూడా కోరుతున్నాను. శాకాహారులైన తెలుగు విద్యార్థులను స్నేహితులు, ప్రొఫెసర్లు థాంక్స్‌గివింగ్ భోజనానికి ఆప్యాయంగా పిలుస్తారు. బల్ల మీద ఏది తినవచ్చో తెలియక బిడియపడి, పిలిచినవారు నొచ్చుకునేలా రొట్టెముక్కతో సరిపెట్టుకున్న పిల్లలను నేను చూశాను. మార్ష్‌మాలోలో పశువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. స్టఫింగ్ అనే రొట్టెముక్కల వంటకాన్ని టర్కీ లేదా కోడి రసంతో తడుపుతారు. ఆకుకూరలోనూ బొబ్బర్లలోనూ పంది మాంసపు ముక్క అడుగున కనిపించకుండా ఉండవచ్చు. తమాలే పిండిలో, కొన్ని ఇళ్లలో 'పై' వంటకం అడుగున వేసే పిండిలో పంది కొవ్వు కలుపుతారు. క్రాన్‌బెర్రీ పచ్చడి, మొక్కజొన్న కంకులు, పాలూ వెన్నతో మెదిపిన బంగాళాదుంప సాధారణంగా ఇబ్బంది లేనివి. ముందే ఫోన్ చేసి మర్యాదగా అడిగితే ఇక్కడివారు ఏమాత్రం తప్పు పట్టరు, పైగా సంతోషంగా విడిగా వండి పెడతారు. వెళ్లేటప్పుడు పులిహోరో బొబ్బర్ల గారెలో పట్టుకువెళితే మరీ మంచిది.

కనుక సంపాదకులకు నా విన్నపాలు ఇవి. రాబోయే నవంబరులో 1621 విందు గురించి రాసేటప్పుడు వాంపనోగ్ ప్రజల పేరును, టిస్క్వాంటమ్ కథను, ప్లిమత్‌లో ఆ రోజు జరిగే సంతాప సభను చేర్చండి. స్థానిక తెగలు అని ఊరికే కలిపేయకండి. ఆ ప్రజలకు పేర్లున్నాయి, వారు ఈనాటికీ మసాచుసెట్స్‌లో తమ నేల మీదే నివసిస్తున్నారు. జనవరి 1 సంచికలో బొబ్బర్ల అన్నానికి, జూన్ 19న గోంగూర కాయల పానీయానికి తయారీ విధానంతో సహా అర పేజీ కేటాయించండి. ఇందుకోసం కరోలినా, టెక్సస్ వంటి రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువారిని, ముఖ్యంగా ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి వంటలు పంచుకునే గృహిణులను, రాయమని అడగండి. ఇంటర్నెట్‌లో దొరికినదాన్ని తెలుగు చేసి వేయడం కంటే అది వందరెట్లు మేలు. మీరు అవకాశం ఇస్తే హాపిన్ జాన్‌ను శాకాహారంగా వండే పద్ధతిని, మా పక్కింటి పెద్దావిడ అనుమతి తీసుకుని, కొలతలతో సహా నేనే రాసి పంపగలను. బియ్యం కంటే బొబ్బర్లు ఒక పాలు ఎక్కువ ఉండాలన్నది ఆమె పట్టుదల. ఆమె మాటను నేను మార్చను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు
హ్యూస్టన్, టెక్సస్